లుంగీ మడతలో ఉలవలు

పుంగనూరులో జట్కాలు ఇంకా తిరుగుతున్న రోజుల్లో నేను ఒక గుర్రాల సాలలో పనిచేశాను. లద్దె ఎత్తడం, గడ్డి వేయడం, ఉలవలు నానబెట్టడం నా పని. యజమాని మదనపల్లెలో ఉండేవాడు, వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజులు పెత్తనమంతా కుప్పం వైపు నుంచి వచ్చిన మేస్త్రీది.

ఒకసారి యజమాని గుర్రాల పక్కటెముకలు తడిమి చూసి, ఉలవలు ఏమవుతున్నాయని అడిగాడు. మేస్త్రీ నన్ను చూపించాడు. ఆ రోజు నుంచి ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర నిలబెట్టి నా చేత ఒడి దులిపించేవాడు.

“బాగా దులుపుమే. ఒక గింజ రాలినా రేపు పన్లోకి రావద్దు.”

జట్కావాళ్లు బీడీలు కాలుస్తూ చూసేవారు. “ఉలవలు తిని ఈయమ్మే జట్కా లాగుతాదేమోప్పా” అన్నాడొకడు. అందరూ నవ్వారు. అట్లా ఇరవై రెండు సాయంత్రాలు. అప్పటికి నాకు అక్షరాలు రావు గానీ లెక్క వచ్చు.

దొంగ ఎవరో నాకు తెలుసు. మధ్యాహ్నం భోజనానికి పోయే ముందు మేస్త్రీ లుంగీని నడుము దగ్గర మడిచి, ఆ మడతలో ఉలవలు పోసుకోవడం గడ్డివామి చాటు నుంచి చూశాను. చెబితే నమ్మేదెవరు? అందుకని తెల్ల ఆడగుర్రానికి ఒక అలవాటు చేశాను. దాని వంతులోంచే గుప్పెడు ఉలవలు నా ఒడిలో పోసుకుని, దాని మూతి దగ్గర నిలబడేదాన్ని. పది రోజులకు అది తొట్టి కంటే ముందు మనిషి నడుము వెతకసాగింది.

యజమాని వచ్చిన మధ్యాహ్నం దాని తాడు వదులుగా కట్టాను. మేస్త్రీ భోజనానికి బయల్దేరి, ఆయనతో ఒక మాట చెప్పడానికి ఆగాడు. గుర్రం వచ్చి అతని నడుముకు మూతి ఆనించింది. వాసన చూస్తుంది, యజమానికి అనుమానం వస్తుంది, నాకు అంత చాలనుకున్నాను. అది మడతను పళ్లతో పట్టి వెనక్కి లాగింది. లుంగీ ఊడింది. ఉలవలు జలజలా రాలాయి. నిక్కరుతో నిలబడిపోయిన అతని కాళ్ల మధ్య అది గింజలు ఏరుకుంది.

“పట్టుకోమే దాన్ని” అన్నాడు.

“ఆకలిగా ఉండాదప్పా, తిననీ” అన్నాను.

యజమాని అతన్ని స్టేషనుకు పంపుతానన్నాడు.

“వద్దు సామీ. ఇరవై రెండు దినాలు గేటుకాడ నిలబడి, నా ముందర ఆయప్ప లుంగీ దులపల్ల. ఆమీట యాడికైనా పోనీ.”

స్టేషనుకు భయపడి మేస్త్రీ ఒప్పుకున్నాడు. తలొంచుకుని రోజూ దులిపాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు తలుచుకున్నా కలగదు.

వారం తర్వాత యజమాని వచ్చి చూసి, “ఇంక సాలులేమ్మా, ఆయప్ప పెద్ద మనిసి” అన్నాడు.

“సాల్లేదు సామీ” అన్నాను.