అమ్మ పాసైన కంటి పరీక్ష

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకునే రోజుల్లో ఉచిత కంటి శిబిరంలో ఒకరోజు వాలంటీరుగా పనిచేశాను. సేవాభావమని చెప్పుకుంటే మీరు నమ్ముతారేమో గానీ, నేను నమ్మను. వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో పనికొస్తుందని ఎవరో అన్నారు, వెళ్ళాను. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లోనే ఉంది. ఎవరూ అడగలేదు.

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో శిబిరం. కంటి పరికరాలకన్నా ముఖ్య అతిథి ఫ్లెక్సీకే ఎక్కువ చోటిచ్చారు. నా పని బోర్డు దగ్గర నిలబడటం. చదువురాని వాళ్ళ కోసం ఆ బోర్డు మీద అక్షరాలకు బదులు మూడు కాళ్ళ గుర్తు ఒకటే ఉంటుంది. అది పైకీ కిందికీ పక్కలకీ తిరుగుతూ, వరస వరసకీ చిన్నదవుతుంది. నేను కర్రతో ఒక్కో గుర్తునూ చూపిస్తే, దూరంగా సుద్దగీత దగ్గర నిలబడ్డవాళ్ళు దాని కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపాలి. చూపలేనివాళ్ళను లోపలికి, డాక్టరు దగ్గరికి పంపేవాళ్ళం. చూపినవాళ్ళ చేతిలో చుక్కల మందు పెట్టి ఇంటికి పంపేవాళ్ళం.

అమ్మను రమ్మన్నది నేనే. నల్గొండ వైపు పల్లె వదిలి వచ్చినప్పటి నుంచి అమ్మ ఒక టైలర్ షాపుకి జాకెట్ల హుక్కులు, చీరల ఫాల్స్ కుట్టేది. కొన్ని నెలలుగా సూదిలో దారం నా చేతే ఎక్కించుకుంటోంది. గడప తగిలి రెండుసార్లు పడింది కూడా. ఆ రోజు పొద్దున్నే వచ్చి సుద్దగీత పక్కనే కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్ళందరినీ ముందు పోనిచ్చింది.

"నాకేం తొందర్లేదు. గా బోర్డు కాడున్నది నా బిడ్డనే" అని పక్కామెతో అంటుంటే నేను పొంగిపోయాను.

మధ్యాహ్నమయ్యేసరికి నిర్వాహకుడు నా నెత్తిన కూర్చున్నాడు. "జర జల్ది కానియ్యమ్మా. సార్ ఎల్బీ నగర్ దాకా ఒచ్చిండట."

తొందరలో నేను అందరికీ అవే గుర్తులు, అదే వరసలో చూపించాను. పైకి, కిందికి, కుడికి, ఎడమకి, మళ్ళీ పైకి.

చివరికి అమ్మ లేచింది. ఒక కన్ను మూసుకుని చకచకా చెయ్యి తిప్పింది. రెండో కన్నుకీ అంతే. అన్నీ ఒప్పే. ఆఖరి వరసలో మాత్రం నా కర్ర బోర్డుకి ఆనకముందే అమ్మ చెయ్యి మళ్ళీ పైకి లేచింది. అది నేను చూశాను. చూడలేదని నాకు నేను చెప్పుకోవాలని ఇన్నేళ్ళూ ప్రయత్నించాను, కుదరలేదు. చీటీ మీద 'చూపు బాగుంది' అని రాసింది నేనే. ముఖ్య అతిథి చేతుల మీదుగా చుక్కల మందు అందుకుంటూ అమ్మ ఫోటో కూడా దిగింది.

రెండేళ్ళకు షాపువాళ్ళు పని మాన్పించారు. అప్పుడు తీసుకెళ్ళాను పెద్దాసుపత్రికి. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకొమ్మని, డాక్టరు గుర్తులు చూపే తెర ఆన్ చేయడానికి అటు తిరిగాడు. అమ్మ ఆగలేదు. ఇంకా వెలగని తెర వైపు మొహం పెట్టి చెయ్యెత్తింది. పైకి, కిందికి, కుడికి, ఎడమకి, మళ్ళీ పైకి.

డాక్టరు నా వైపు చూశాడు. నేను నేలకేసి చూశాను.

నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందట. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే అప్పటికున్న చూపు నిలిచేదట, పోయింది మాత్రం ఇక రాదట.

ఇంటికొస్తూ ఆటోలో అడిగాను. "గట్లెందుకు చేసినవమ్మా?"

"గంతమంది ముందట కర్ర పట్టుకొని నిలబడితివి. నీ తల్లే ఫెయిలైతే నీ ఇజ్జత్ ఏం గావాలె? అందుకే పొద్దటి సంది అందరి చేతులు చూస్కుంట నేర్చుకున్న."

తర్వాత నా మోకాలు తడిమి పట్టుకుంది.

"ఇయ్యాల ఏమన్న తప్పు పోయిందా బిడ్డా?"

"లేదమ్మా. అన్ని కరెక్టే చెప్పినవ్."