బీరువాలో సామేలు

ఒక తప్పును ఎనిమిదేళ్ళు మోశాను. ఇలాంటి బరువు గుండె మీద రాయిలా ఉంటుందని అంటారు. నాది అలా ఉండేది కాదు. ఎవరైనా ప్రేమగా అన్నం వడ్డించినప్పుడు గుర్తొచ్చేది. వీళ్ళకు తెలిస్తే? అనుకునేవాణ్ణి. అనుకుంటూనే ముద్ద కలిపేవాణ్ణి. ఒక్కరోజైనా ఆకలి చావలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు చెప్పకుండా ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమేనని మీరంటే కాదనలేను. కానీ చెప్పాల్సిన మనిషికి ముఖాముఖిగానే చెప్పేశాను. అది ఈమధ్యే జరిగింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది ముదిగుబ్బలో స్టీలు సామాన్ల అంగడి. నాకు పాత సినిమా పోస్టర్లు సేకరించే పిచ్చి ఉంది. అన్ని సినిమాలవీ కాదు, సాహసాల సినిమాలవి మాత్రమే. కత్తియుద్ధాలు, గుర్రాలు, కోటగోడ మీంచి దూకే వీరులు, గుహలో నిధి ముందు నిలబడ్డ రాక్షసులు. మళ్ళీ అచ్చేసినవి ముట్టుకోను. ఆ రోజుల్లో గోడకెక్కిన అసలు కాగితమే కావాలి నాకు.

మా నేలను వాన లేని నేల అని అందరూ తిట్టుకుంటారు. నేను మాత్రం ఆ ఎండకు మనసులో దండం పెట్టుకున్నాను. తేమ లేదు కాబట్టే ఇక్కడ కాగితం బతికింది. మట్టిమిద్దెల్లో పైనుంచి మన్ను రాలకుండా జనం టూరింగ్ టాకీసుల పోస్టర్లు తెచ్చి దూలాల కింద అతికించుకునేవాళ్ళు. ఆ మిద్దెలు కూలుస్తున్నారని తెలిస్తే చాలు, అంగడి మా ఆవిడకు అప్పజెప్పి మోటారు సైకిలెక్కేవాణ్ణి.

అలా తిరుగుతూనే ఒక ఎండాకాలం రాప్తాడు దగ్గర హైవే పక్కన కళ్ళు తిరిగి కూలబడ్డాను. అక్కడ ఒక చిన్న హోటలు ఉంది. సుగుణమ్మ అని, నాకంటే కొంచెం చిన్నది, వాళ్ళమ్మ దీనమ్మతో కలిసి నడిపేది. ఇద్దరూ నన్ను లోపలికి మోసుకుపోయి పడుకోబెట్టారట. కళ్ళు తెరిచేసరికి నా తల మీద తడిగుడ్డ ఉంది, ముసలామె మజ్జిగ చెంబు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమప్పా, ఇంత ఎండలో యాడికి పోతాండావు? ఇంటికాడ చెప్పేవాళ్ళు ఎవరూ లేరా?" అని కసిరింది.

పోస్టర్ల కోసమని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చెంబు కింద పెట్టి నా ముఖంలోకే చూసింది. తర్వాత తన మొగుడి సంగతి చెప్పింది.

ఆయన పేరు సామేలు. అనంతపురంలో జట్కా తోలేవాడు. గుర్రం మీద ఆయన కూర్చునే తీరు చూసి షూటింగువాళ్ళెవరో మద్రాసు తీసుకుపోయారు. హీరోలు దూకలేని చోట దూకే పని, డూపు. ఒక సినిమా తీస్తుండగా గుర్రం మీంచి పడి చనిపోయాడు. కబురు వచ్చేసరికి అక్కడే పూడ్చేశారు. అప్పటికి సుగుణమ్మ కడుపులో ఉంది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

కొన్నాళ్ళకు ఆ సినిమా ఇక్కడి టూరింగ్ టాకీసుకు వచ్చింది. సినిమాలో దుమ్ము తప్ప ఏమీ కనపడలేదట ఆమెకు. కానీ పోస్టరు కింది భాగంలో ఒక ఫోటో వేశారు. "గుర్రం మీదున్నేది హీరో కాదప్పా, మా ఆయన. తలపాగా ఎగిరిపోయి మొకం బాగా కనపడతాంది. ఒకటియ్యండి సామీ అని అడిగితే నవ్వినారు. శుక్రవారానికి దాని మీద ఇంగో బొమ్మ అతికించేసినారు" అంది. చదువు రాదు కాబట్టి సినిమా పేరు ఆమెకు తెలియదు.

వెతికిపెడతానని మాటిచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను, అది మాత్రం నమ్మండి.

ఆ తర్వాత ఆ తల్లీకూతుళ్ళు నాకు చేసింది ఎంతని చెప్పను? ఆదివారం చర్చి అయిపోగానే దీనమ్మ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిపోయేవాళ్ళను అడిగేదట, మీ మిద్దెల కింద బొమ్మలేమైనా ఉండాయా అని. ఈరోజు నా దగ్గర ఉన్న మంచి పోస్టర్లలో ఎక్కువ భాగం ఆమె నోటి మాటతో వచ్చినవే. ఎప్పుడు పోయినా సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి, తిన్నాకే కదలనిచ్చేది. నేను బాగుండాలని ప్రార్థన చేసేది. మా సొంతవాళ్ళకు కూడా నా పిచ్చి అర్థం కాలేదు, ఆమెకు అర్థమైంది. ఎందుకంటే ఆమె కూడా ఒక కాగితం కోసమే బతుకుతోంది.

ఆ కాగితం నాకు దొరికింది.

ముదిగుబ్బ అవతల ఒక గొర్రెల కాపరి మిద్దె కూలుస్తుంటే పోయాను. ఒకదాని మీద ఒకటి అంటుకుపోయిన పోస్టర్లు. వాకిట్లో పరిచి నీళ్ళు చల్లాను. పాత మైదా గంజి నానింది. పై పొర మెల్లగా లేచి వచ్చింది. లోపల పెద్ద హీరో ముఖం, రంగులతో గీసింది. దాని కింద ఒక ఫోటో, మంటల మీంచి దూకుతున్న గుర్రం. గుర్రం మీద ఒక కుర్రవాడు. తలపాగా లేదు. సుగుణమ్మ నుదురు, సుగుణమ్మ ముక్కు. ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

అప్పుడు నాకేం అనిపించాలి? దీనమ్మ గుర్తుకు రావాలి. వచ్చింది కూడా. కానీ ఆమెకంటే ముందు ఇంకొకటి వచ్చింది. ఇది ఎవరి దగ్గరా లేదు. నాకు తెలిసిన సేకరణదారుల్లో ఒక్కరి నోట కూడా ఈ బొమ్మ మాట వినలేదు. ఇది నాది.

ముందు బాగుచేసి తర్వాత ఇద్దామని ఇంటికి తీసుకుపోయాను. వెనక పల్చటి బట్ట అతికించాను. చిరుగులు కలిపాను. ఆరాక చూస్తే ఎంత అందంగా ఉందో! ఇస్తే హోటలు గోడకు మేకు కొట్టి తగిలిస్తారు, పొగకు నల్లబడిపోతుంది, నా దగ్గరైతే పదిలంగా ఉంటుంది అనుకున్నాను. ఇంత తెలివిగా ఆలోచించిన నాకు ఫోనులో ఒక ఫోటో తీసి చూపించవచ్చని తట్టలేదా? తట్టింది. చూపిస్తే అసలుది అడుగుతారు. అందుకే తీయలేదు. పొగ అనేది సాకు. నిజం ఏమిటంటే, ఇవ్వబుద్ధి కాలేదు.

బీరువాలో బట్టల అడుగున పెట్టి తాళం వేశాను.

తర్వాత పోయినప్పుడు దీనమ్మ ఎప్పటిలాగే అడిగింది, "దొరికెనా నాయనా?" అని. లేదమ్మా అన్నాను. నోరు తడబడలేదు. "పోనీలేప్పా. నువ్వు ఎతుకుతాండావు గదా" అని ఇంకొంచెం సంగటి పెట్టింది. తిన్నాను.

ఆమె ఇంకా రెండు శనక్కాయ పంటలు చూసింది. పోయిన ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ లేదన్నాను. రేపు ఇస్తాను, వచ్చేసారి ఇస్తాను అని ఇంటి దారి పొడుగునా నాకు నేనే మాటిచ్చుకునేవాణ్ణి. ఆమెకిచ్చిన మాటే నిలబెట్టుకోనివాడు తనకిచ్చుకున్నది నిలబెట్టుకుంటాడా? ఒక చలికాలం జ్వరం తగిలి దీనమ్మ పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేశాక అందరితోపాటు నేనూ పిడికెడు మన్ను వేశాను. సామేలును బీరువాలో పెట్టిన చెయ్యి అది. సుగుణమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నువ్వైనా ఉండావన్నా అంది.

ఆ తర్వాత ఇవ్వడం ఇంకా కష్టమైంది. కూతురికైనా ఇవ్వవచ్చు కదా అంటారు. ఇస్తే ఎప్పుడు దొరికిందని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి అన్నేళ్ళు గడిపాను.

పోయిన నెల పుట్టపర్తిలో ఒక హాలులో నా పోస్టర్లు ప్రదర్శనకు పెట్టారు. జనం బాగా వచ్చారు. నాకు శాలువా కప్పారు. సుగుణమ్మ హోటలు మూసేసి, ఇస్తిరీ చీర కట్టుకుని, బస్సెక్కి వచ్చింది. నేను దూరం నుంచి చూస్తూ ఉన్నాను. హీరోల ముఖాలు ఆమె చూడలేదు. ప్రతి పోస్టరు ముందూ వంగి, గుర్రాల మీద ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ చూస్తోంది. పక్కన ఎవరో కొత్తమనిషి ఏం వెతుకుతున్నారని అడిగాడు.

"మా నాయనను. ఈ అన్న ఆయప్ప బొమ్మ కోసం తిరగని ఊరు లేదు. దేవుని లాంటోడు" అంది నన్ను చూపిస్తూ. ఆ మనిషి నాకు చేతులెత్తి దండం పెట్టాడు.

నేనూ తిరిగి దండం పెట్టాను. ఆ తర్వాత శాలువా తీసి కుర్చీ మీద పడేశాను. ఒంటి మీద ఉంచుకోలేకపోయాను.

మరునాడు పోస్టరు తీసుకుని రాప్తాడు పోయాను. పొద్దుటి టిఫిన్ల హడావిడి అయిపోయింది, హోటల్లో ఎవరూ లేరు. బల్ల తుడిచి దాని మీద పరిచాను. సుగుణమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. వేలు కాగితానికి తగలకుండా, కొంచెం పైనే, ఆ ముఖం చుట్టూ తిప్పింది. ఆమెకిప్పుడు అరవై. బొమ్మలో ఉన్నవాడికి ఇరవై రెండో మూడో.

"ఎంత చిన్నోడన్నా మా నాయన!" అంది. "మా కొడుకు కంటే చిన్నోడు."

చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. అట్లాంటి నవ్వు ఆమె ముఖంలో నేనెన్నడూ చూడలేదు. అది చాలనిపించింది. అక్కడితో అయిపోతే బాగుండుననిపించింది. అప్పుడడిగింది.

"యాడ దొరికె?"

"ముదిగుబ్బ అవతల. ఒక మిద్దెలో."

"ఎప్పుడు?"

'నిన్న' అనే మాట నాలుక చివర తయారుగా ఉంది. ఆ మాట అంటే నేను జీవితాంతం దేవుని లాంటివాణ్ణే. ఆ క్షణంలో కూడా అనాలనే అనిపించింది, అది మీ దగ్గర దాచను.

"ఎనిమిదేళ్ళయింది."

సుగుణమ్మ తల ఎత్తలేదు. "అమ్మ ఉన్నెప్పుడా?"

"అమ్మ ఉన్నప్పుడే."

"ఆయమ్మ నిన్ను అడిగినప్పుడల్లా ఇది నీ ఇంట్లోనే ఉండెనా?"

"ఉండింది."

"ఎందుకన్నా?"

పొగ గురించి చెప్పలేదు. "నా ఒక్కడి దగ్గరే ఉండాలని" అన్నాను.

బయట లారీలు పోతున్నాయి. ఆమె పోస్టరును మెల్లగా చుట్టి లోపలి గదిలోకి తీసుకుపోయింది. తిరిగి వచ్చి బల్ల అవతల నిలబడింది.

"ఇంక పో అన్నా" అంది.

అన్నా అంది కదా అని దారంతా ఆ మాట పట్టుకుని వేలాడాను. క్షమించిందేమో అని. కాదు. మా వైపు కొట్లాడేటప్పుడు కూడా అన్నా అనే అంటారు. ఆమె క్షమించలేదు, తిట్టనూ లేదు. కబురు కూడా చేయలేదు. చేయమని అడిగే హక్కు నాకు లేదు. నన్ను క్షమించగలిగే మనిషి ఎలాగూ మట్టిలో ఉంది.

అయినా ఈ రోజుల్లో నా మనసు నిండా ఉన్నది కృతజ్ఞతే. చెబితే మీకు వింతగా ఉంటుంది. ఎండలో పడిపోయినవాడికి కులం, ఊరు అడగకుండా మజ్జిగ తాగించిన చేతులకు. నా పిచ్చిని చూసి నవ్వని ఆ ముసలామెకు. ఎవరో హీరో పేరు కోసం మంటల మీంచి దూకి, ఎవరికీ తెలియకుండా పోయిన ఆ కుర్రవాడికి. అతను ఎనిమిదేళ్ళు నా ఇంట్లో ఉన్నాడు, ఉండకూడని చోట, అయినా ఉన్నాడు. చివరికి కూతురి ముఖంలో నవ్వు తెప్పించాడు. ఆ నవ్వు చూసే అర్హత నాకు లేదు, కానీ చూశాను. అందరికంటే ఎక్కువగా సుగుణమ్మకు. ఆనందంలో మునిగి ఆమె అడగకుండా వదిలేసి ఉంటే నేను చెప్పేవాణ్ణి కాదు. నా సంగతి నాకు తెలుసు. ఎప్పుడు అని ఆమె అడగబట్టే చెప్పగలిగాను.

నిన్న మా ఆవిడ బీరువా తెరిచి బట్టలు సర్దుతూ ఉంటే పక్కన నిలబడి, ఆమెకూ ఇదంతా చెప్పాను. వింటూ బట్టలు మడత పెట్టింది. మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాను. వడ్డించింది. 'వీళ్ళకు తెలిస్తే?' అనే మాట మనసులోకి రాలేదు. ఆమెకు తెలుసు. నా సంగతి తెలిసి వడ్డించిన అన్నం తిని ఎన్నేళ్ళయిందో! తల వంచుకుని, మెల్లగా తిన్నాను.