నీళ్ళ కింద మామగారి బండి

ఆ వేసవంతా లిన్ పాస్కో పొద్దున్నే లేచి మొదట వెళ్ళి చూసేది రేవులో పాతిన కొయ్యని. దాని మీద జానెడుకొకటి చొప్పున తనే కొట్టిన మేకులున్నాయి. వారానికో మేకు నీళ్ళలోంచి బయటికొస్తోంది. సరస్సు దిగిపోతోందని, ఉన్న నీళ్ళన్నీ కింది ఊళ్ళకి వదిలేశారని మెనిండీ ఊరు ఊరంతా పై అధికారుల్ని తిట్టిపోస్తోంది. లిన్ కూడా నలుగురితో పాటు తిట్టేవాడు. కానీ నలుగురి బాధ వేరు, అతని బాధ వేరు. పైకి చెప్పుకునేది కాదు. దొంగకు తేలు కుట్టిన చందం.

అతనికి అరవై ఏడేళ్ళు. ముప్పై ఏళ్ళు బ్రోకెన్ హిల్ గనుల్లో పనిచేసి, సగం చెవుడు తెచ్చుకుని బయటపడ్డాడు. ఆ తర్వాత అడుగు చదునుగా ఉన్న పడవ ఒకటి కొని, దానికి రేకు పందిరి వేసి, సాయంత్రాలు జనాన్ని ఎక్కించుకుని పొద్దుగుంకడం చూపించి తీసుకొచ్చే పనిలో పడ్డాడు. భూమి లోపల ముప్పై ఏళ్ళు పొద్దు మొహం చూడనివాడు ఇప్పుడు పొద్దుని చూపించి బతుకుతాడట అని అందరూ నవ్వారు. చుక్కాని ఒక్కటే అతనిది. టిక్కెట్లు, చీజ్ ముక్కలు, వెనిగర్లో ఊరిన ఉల్లిపాయలు, బీరు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలకాయలు లెక్కపెట్టడం, అంతా అతని భార్య వాల్‌ది. పడవలో వాల్ మాటే మాట. ఇంట్లోనూ అంతే, అందులో దాపరికమేమీ లేదు. దాపరికం ఇంకోచోట ఉంది.

మా సరస్సు గుణం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళు నిండుగా ఉంటుంది, కొన్నేళ్ళు పగుళ్ళు బారి బీడులా పడుంటుంది. నీళ్ళు పోతే ఇంకెవరైనా పడవ అమ్ముకుంటారు. లిన్ రంపం పట్టుకుని బయలుదేరతాడు. నీళ్ళలో నిలబడి చచ్చిపోయిన చెట్లు వేలకొద్దీ ఉన్నాయి అందులో. వాటి మధ్య తన పడవకు దారి కావాలి కాబట్టి, ఎండిన అడుగు మీదికి బండి తోలుకెళ్ళి మొద్దుల్ని నేలమట్టంగా కోసి వస్తాడు. "పడవవాడి అసలు పని నీళ్ళు లేనప్పుడే," అనేవాడు గొప్పగా. అతని కొంప ముంచింది ఆ గొప్పే.

నాలుగేళ్ళ కిందట, కరువు చివర్లో, ఎగువ నుంచి నీళ్ళు బయలుదేరాయని, గురువారానికి సరస్సులో పడతాయని చాటారు. చాటిన రోజుకి నీళ్ళు రావు, ఆలస్యంగానే వస్తాయి అన్న సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. లిన్‌కి ఇంకా ఆరు మొద్దులు మిగిలాయి. సొంత బండి మరమ్మతులో ఉంది. షెడ్డులో మాత్రం మామగారి బండి ఉంది, వెనక తొట్టి ఉన్న పాత హోల్డెన్ కారు. మామగారు గాలిమరలు బాగుచేసేవాడు. నిచ్చెనలు కట్టుకోవడానికి బండి పైకప్పు మీద నీటి గొట్టాలతో తనే ఒక చట్రం అతికి, మిగిలిపోయిన పసుపు రంగేదో పూశాడు. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. బండిని కూతురు వాల్‌కి రాసిపోయాడు. ఇరవై ఏళ్ళు ఆ ఇంజను నడిచింది తన చేతుల మీద కదా అని కొడుకు రాస్ నొచ్చుకున్నాడు. "నాన్న బండిని మాత్రం సరస్సులోకి తోలకు," అని వాల్ రెండుసార్లు చెప్పి మరీ ఎడిలైడ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళింది.

మంగళవారం లిన్ తోలాడు. పాత వాగు మలుపులో పైకి గట్టిగా కనిపించిన మట్టి కింద అంతా బురదే. బండి ఇరుసుల దాకా దిగబడింది. లాగడానికి ట్రాక్టరు ఉన్నది బావమరిది రాస్ దగ్గర. పిలిస్తే వచ్చేవాడే. వచ్చి ఒక్క మాట అనేవాడు. ఆ ఒక్క మాట పడలేక లిన్ ఎండలో పది కిలోమీటర్లు నడిచి ఇంటికొచ్చాడు. గురువారం దాకా టైముంది కదా, రేపు ఇంకెవరినైనా అడుగుదాం అనుకుని పడుకున్నాడు. పొద్దున వెళ్ళి చూస్తే నీళ్ళు బండి తలుపుల దాకా వచ్చేశాయి. మా ఊరి చరిత్రలో నీళ్ళు చెప్పినదానికంటే ముందొచ్చింది ఆ ఒక్కసారే.

వాల్ తిరిగొచ్చి ఖాళీ షెడ్డు చూసి, "బండేది?" అంది.

"నేనూ అదే చూస్తున్నా. ఎవరో ఎత్తుకెళ్ళినట్టున్నారు," అన్నాడు లిన్. రేపు నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆ అతుకు లిన్ వెయ్యక్కర్లేకపోయింది, వాలే వేసుకుంది. "ఎవరో ఏమిటి, మా రాస్ గాడే," అంది.

అప్పుడు లిన్ కాదనాలి. అనలేదు. ఆ సాయంత్రం అక్కాతమ్ముళ్ళకి ఫోనులో మాటామాటా పెరిగి, "నువ్వు నాకు తమ్ముడివే కాదు" దాకా వెళ్ళింది. అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు వాల్, పడే మనిషి కాదు రాస్. ట్రాక్టరుతో సహా మిల్దూరాకి మకాం మార్చేశాడు. నాలుగు క్రిస్మస్‌లు అలాగే గడిచాయి. ప్రతి క్రిస్మస్‌కీ వాల్ పంది తొడ హామ్ కోస్తూ, తమ్ముడికిష్టమైన ఎముక దగ్గరి ముక్క అలవాటుకొద్దీ పక్కన పెట్టి, గుర్తొచ్చి, కుక్కకి వేసేది. లిన్ చూస్తూ కూర్చునేవాడు. నీళ్ళు నిండుగా ఉన్నంతకాలం మంచివాడిలా తిరగడం ఎవరికైనా చేతనవుతుంది. నాకైతే అతని మీద జాలి కంటే కోపమే ఎక్కువ.

ఇప్పుడు పదిరోజులుగా లిన్ ఆ చెట్ల దారి వదిలేసి దక్షిణపు గట్టు వెంట పడవ తిప్పుతున్నాడు. బండి పైకప్పు మీద ఇంకా మూడు జానల నీళ్ళున్నాయని మేకుల లెక్క. కానీ శనివారం మధ్యాహ్నం ఉత్తరపు వడగాలి లేచింది. మాది లోతు లేని సరస్సు. పళ్ళెం వంచితే చారు ఒరిగినట్టు, గాలి తోస్తే నీళ్ళన్నీ ఒక పక్కకి పోతాయి. ఉత్తరం పక్క, పాత వాగు ఉన్న పక్క, తగ్గిపోతాయి. ఎంత తగ్గుతాయో లిన్ మేకులు చెప్పలేవు.

"ఈ గాలికి ఇవాళ మానేద్దామా?" అన్నాడు రేవులో.

"పంతొమ్మిది మంది వచ్చి కూర్చున్నాకనా?" అంది వాల్, సీసాలు ఐసులో పెడుతూ. "పక్షుల పెద్దాయనకి ఫోనులో మాటిచ్చాను, చెట్ల దారిలో పాముమెడ పక్షిని చూపిస్తామని. అసలా దారి ఎందుకు మానేశావు నువ్వు?"

"మొద్దులు తగులుతాయేమోనని."

"నువ్వు కోసిన దారిలో మొద్దులా? ఊళ్ళో అనకు, పరువు పోతుంది."

పక్షుల పెద్దాయన పేరు బాసిల్. రైల్వేలో చేసి రిటైరైనవాడు. మెళ్ళో దుర్భిణి వేలాడేసుకుని, చూసిన పక్షికల్లా పుస్తకంలో టిక్కు పెట్టుకుంటాడు. "నెమ్మదిగా పోనివ్వు కెప్టెన్, మనమేం రైలు అందుకోవక్కర్లేదు," అన్నాడు ముందు వరసలో సర్దుకుంటూ. అందరూ నవ్వారు. లిన్ కూడా నవ్వాననుకున్నాడు.

పడవ చెట్లలోకి దూరింది. ఎదురుగా పొద్దు, కళ్ళలోకి సూటిగా. నల్లటి మోళ్ళ మధ్య నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. జనం ఫోటోలు తీసుకుంటున్నారు, ఉల్లిపాయలు బాగున్నాయంటున్నారు. లిన్ చుక్కాని పట్టుకుని మోళ్ళు లెక్కపెడుతున్నాడు. పడవకి బండి తగిలితే పంతొమ్మిది మంది ప్రాణాలు, తేలి కనబడితే తన కాపురం. ఇంజను బాగా తగ్గించాడు. వాగు మలుపు రాకముందే ఎడమకి తిప్పేద్దామనుకున్నాడు. ఇంకో నాలుగు మోళ్ళు దాటితే తిప్పొచ్చు. ఇంకో మూడు.

బాసిల్ లేచి నిలబడ్డాడు. "అదిగో. రెక్కలు ఆరబెట్టుకుంటోంది చూడండి. కెప్టెన్, కాస్త అటు పోనివ్వు."

"ఏ చెట్టు మీద?" అంది వాల్, గ్లాసులో పోస్తూనే.

"చెట్టు కాదమ్మా, ఏదో గొట్టంలా ఉంది. పసుపుపచ్చగా."

వాల్ సీసా కింద పెట్టింది. పెద్దాయన మెళ్ళోంచే దుర్భిణి లాక్కుని కళ్ళకి పెట్టుకుంది. పాపం, ఆయన మెడ వంచుకుని నిలబడ్డాడు. లిన్ ఇంజను ఆపేశాడు. ఏదో పాత పంపు గొట్టంలే అని అనడానికి నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది.

"లిన్," అంది వాల్. "అది నాన్న బండి."

"అవును."

"ఇక్కడ తెచ్చి పడేశాడా? దొంగిలించింది చాలక, తెచ్చి నీళ్ళలో... రాస్ గాడికి ఇంత..."

నాలుగేళ్ళ కిందటి ఆ మాటే మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడింది. లిన్ వాల్ వైపు తిరిగాడు.

"రాస్ కాదు వాల్. నేను. నువ్వు ఎడిలైడ్‌లో ఉన్నప్పుడు మొద్దులు కొయ్యడానికి తోలుకొచ్చాను, దిగబడింది."

వాల్ అరవలేదు. దుర్భిణి వదిలేసి, ముందు వరస నుంచి తలకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. పంతొమ్మిది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఎవరూ ఎక్కనూ లేదు, దిగనూ లేదు. బాసిల్ టిక్కు పెట్టకుండానే పుస్తకం మూసేశాడు.

"నడి సరస్సుకి పోనివ్వు," అంది చివరికి. "ఫోను అందే చోటికి."

మా సరస్సులో ఫోను అందేది ఒక్క చోటే, రేవుకి తిన్నగా మధ్యలో, గది వైశాల్యమంత చోటు. అక్కడికి చేరేసరికి పొద్దు పోయింది. దోమలు ముసిరాయి. ఒక్కరు కూడా ఇంటికెప్పుడని అడగలేదు. నంబరు వెతకకుండానే వాల్ వేళ్ళు నొక్కేశాయి. భర్త చెవుడు వల్ల ఆమె ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది, కాబట్టి పడవలో అందరికీ వినబడింది. ఆరుసార్లు మోగింది. ఎనిమిదిసార్లు. ఎత్తడేమోనని లిన్‌కి భయం, ఎత్తుతాడేమోనని ఇంకా భయం.

"అక్కా?" అంది అవతలి గొంతు. "ఎవరు పోయారే?" అని అడిగింది.

నాలుగేళ్ళ తర్వాత అక్క ఫోను చేస్తే చావు కబురే అయి ఉంటుందనుకున్నాడు తమ్ముడు. తప్పేముంది, ఆమె అలాగే చేసిపెట్టింది కదా. వాల్ ఫోను లిన్ మొహం ముందు పెట్టింది.

"ఎవరూ పోలేదు రాస్. నేను లిన్‌ని," అన్నాడు. "మీ నాన్న బండి సరస్సులో ముంచింది నేను. నిన్ను దొంగని అంటుంటే నోరు మూసుకున్నదీ నేనే. ఆ రోజు నీ ట్రాక్టరు అడగాల్సింది."



"అక్క పక్కనుందా?" అన్నాడు రాస్.

"ఉన్నాన్రా," అంది వాల్. ఫోను వెనక్కి లాక్కుని, పడవ చివరికి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి కూర్చుంది.

గాలి పడవని దక్షిణానికి తోస్తోంది. ఆ గదంత చోటు దాటితే మాట తెగిపోతుంది. లిన్ ఇంజను ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి వేస్తూ, రేవులో దీపం మీదే కళ్ళు పెట్టి, పడవని ఉన్నచోటే ఉంచాడు.

"కదలనివ్వకు," అంది వాల్, అతని వైపు చూడకుండానే.

అతను కదలనివ్వలేదు.