దూరం నుంచే దగ్గాలి

ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఇంకా కలలోనే ఉంటుంది. షట్టర్లన్నీ దించే ఉంటాయి. గన్‌ఫౌండ్రీ వైపు నుంచి వచ్చే గాలి ఖాళీ రోడ్డు మీద తీరిగ్గా నడుస్తుంది. ఆ వేళకే రాజనర్సు నాంపల్లి నుంచి పాత పుస్తకాల మూటలు ఆటోలో తెచ్చి ఫుట్‌పాత్ మీద దించుతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. మిగతా ఆరు రోజులూ బైండింగ్ పని చేస్తాడు గానీ, ఆయన మనసంతా ఆదివారం మీదే.

ఇప్పుడు ఆ ఆదివారానికి ఏడేళ్ల మనవరాలు అక్షిత తోడైంది. పిల్ల పక్కన కూర్చుని బొమ్మల పుస్తకాలు తిరగేస్తుంటే ముసలాయనకు లోకం గుర్తుండదు. కోడలు స్నేహది మాత్రం ప్రతి వారం గుమ్మంలో అదే మాట. "గాడ కుక్కలు మస్తుంటయి మామా. పిల్లకేమన్న అయితే ఇగ పంపనే పంపను."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కుక్కల సంగతి రాజనర్సుకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తోక ఊపిందని మురిసిపోయి మీదికి పోయే రకం కాదు. ఒళ్లు బిగిసిందా, చూపు పక్కకు తిప్పి పెదాలు నాక్కుంటోందా అని చూస్తాడు. "అది వద్దనే చెప్తది, మనమే ఇనం," అంటాడు. మూటల పక్కన పడుకునే గోధుమరంగు కుక్కను ఒక్కనాడూ చేత్తో తట్టి లేపలేదు. నాలుగడుగుల దూరం నుంచే దగ్గుతాడు. అది లేచి, ఒళ్లు విరుచుకుని, దారి ఇస్తుంది.

అంత తెలిసిన మనిషి ఏం చేశాడయ్యా అంటే, మనవరాలికి కుక్క గురించి చెప్పకముందే పుస్తకం గురించి చెప్పాడు. కాలు తగిలితే సరస్వతికి తగిలినట్టేనని, వెంటనే వంగి తాకి కళ్లకద్దుకోవాలని. ఆ ఇంటి పిల్లకు అది ఊపిరి పీల్చినంత అలవాటు.

ఒక ఆదివారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. కుక్క టార్పాలిన్ అంచు కింద దూరి, ఒక పాత అట్లాసు మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఏదో పాట తనలో తనే పాడుకుంటూ వచ్చిన అక్షిత ఆ అట్లాసు కొస తొక్కింది. అయ్యో అనుకుని గబుక్కున వంగింది. పిల్ల మొహం సరిగ్గా కుక్క మొహం మీదికి దిగింది.

గుర్రుమంది. దగ్గడానికి కూడా వ్యవధి లేదు. రాజనర్సు చెయ్యి అడ్డం పెట్టాడు, పళ్లు మణికట్టులో దిగాయి.

"కదలకు బిడ్డా! ఉరకకు, దాని కండ్లల్లకు చూడకు!"

అక్షిత రెండు చేతులూ ఒంటికి ఆనించుకుని నిలబడిపోయింది. కుక్క వదిలేసి, తోక ముడుచుకుని, గోడవారకు పోయి వణుకుతూ నిలుచుంది. పక్కన పుస్తకాలు పరిచే జితేందర్ కర్ర ఎత్తాడు.

"కొట్టకు భాయ్. పండుకున్నదాని మీదికి మేమే పోయినం," అన్నాడు రాజనర్సు.

ఎవరో పసుపన్నారు, ఎవరో కారమన్నారు. ఏదీ వద్దన్నాడు. నల్లా కింద సబ్బుతో పావుగంట కడుక్కుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, సూది వేయించుకోవడానికి దవాఖానకు నడిచాడు.

దారంతా ఆయనకు నొప్పి తెలియలేదు. తడి రోడ్డులో మబ్బులు తేలుతుంటే, వాటి మీద నడుస్తున్నట్టే ఉంది. ఇదే ఆఖరి ఆదివారం అనుకున్నాడు. రేకు గీరుకుందని చెప్పొచ్చు, చెప్పొద్దంటే పిల్ల కూడా చెప్పదు. కానీ కట్టుతో ఇంటికి వచ్చేసరికి అబద్ధం నోట్లోంచి రాలేదు.

"కుక్క తప్పు లేదు స్నేహా, తప్పు నాది. పుస్తకానికి మొక్కుమని నేర్పిన గని, ముందుగాల కుక్క ఉన్నదా చూడుమని నేర్పలే. ఇగ పిల్లను పంపకు."

స్నేహ ఆ కట్టును చూసింది. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చెంపలు, కళ్లు తడిమింది. ఎక్కడా గీత కూడా లేదు.

"వచ్చే ఆదివారం కూడ తీస్కపో మామా," అంది. "గాడ నేనున్నా గంత జల్దీ చెయ్యి అడ్డం పెట్టకపోతుంటి."