పక్క సీటాయన తీసేసిన పేరు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సుల నా పక్కన ఒకాయన ల్యాప్‌టాప్ పట్టుకొని కూసున్నడు. ఏం పని బిడ్డా అని అడిగిన. ముసలిదానికేం తెలుస్తదనుకున్నడేమో, ఏం దాసకుంట చెప్పిండు.

"మేం కంప్యూటర్ల రాసింది, ఎవరు రాసిన్రో పేర్లతోని సహా, అందరి మిషిన్లల్ల ఉంటది అవ్వా. మా ఆఫీసుల ఒక పిల్ల రాసినదానికి ఆమె పేరు తీసి నా పేరు పెట్టిన."

"మిగిలినోళ్ల దగ్గర ఆమె పేరు ఉంటది గద?"

"పాతది ఖరాబైంది, తీసేసి నాది దించుకోండ్రి అని చెప్పిన. అందరు తీసేసిన్రు, ఆ పిల్ల సుత!" అని నవ్విండు.

అంతల ఆ పిల్లనే ఫోన్ చేసింది. "అన్నా, నా పేరే కనిపిస్తలేదు, నౌకరి పోతది" అన్న ఏడుపు నాకు ఇనబడ్డది.

"నువ్వెప్పుడు రాసినవ్ చెల్లే?" అన్నడు, తియ్యగ.

నేను ఆయన పక్క నుంచి లేచి నిలబడ్డ.

"కూసో అవ్వా, కాళ్లు గుంజుతయ్" అన్నడు.

"గుంజనియ్" అన్న. ఎల్లారెడ్డి దాక నిలబడే పోయిన.