భయం గ్రూపుకు టీలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదని గట్టి నమ్మకం. పీహెచ్‌డీ అయిపోయింది, పేరుకు ముందు డాక్టర్ చేరింది (అది విని మా వీధిలో ఇద్దరు ముసలివాళ్ళు మోకాళ్ళ నొప్పులకు మాత్రలు అడిగారు), బెంగళూరులో పోస్ట్‌డాక్ ఫెలోషిప్ కూడా దొరికింది. మనసులో ఉన్న భావాన్ని బట్టి మనిషి నేర్చుకునే తీరు ఎలా మారుతుంది, భయపడ్డవాడు ఎక్కువ వివరాలు అడుగుతాడా తక్కువ అడుగుతాడా, ఇదీ నా పరిశోధన. తెర మీద బొమ్మల జంటలు వస్తాయి. గొడుగు పక్కన ఏనుగు, మామిడిపండు పక్కన కత్తెర. గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే మీట నొక్కి సాయం అడగవచ్చు. సగం మందికి వెనకాల వీణ వినిపిస్తాం, వాళ్ళది శాంతం గ్రూపు. మిగతా సగానికి సైరన్, వాళ్ళది భయం గ్రూపు. సైరన్ విన్నవాళ్ళు బెదిరిపోయి, జంటలు మరిచిపోయి, మీటను టకటకా నొక్కుతారని మా సిద్ధాంతం. బెంగళూరు కాలేజీ పిల్లలు పాపం చెమటలు కక్కుతూ అలాగే నొక్కారు. అయితే మా గైడు మేడమ్‌కు అది చాలలేదు. పెద్దవయసు వాళ్ళు కూడా కావాలి, శుక్రవారంలోగా తీసుకురాకపోతే నీ ఫెలోషిప్ పొడిగించమని ఏ మొహం పెట్టుకుని అడగాలి అన్నారు.

పెద్దవయసు వాళ్ళకు మా ఊళ్ళో ఏం కరువు? రాబర్ట్‌సన్‌పేటలో మా పెదనాయన వరండా నిండా వాళ్ళే. ఆయన అక్కడి బంగారు గనిలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. గని మూతపడి అప్పటికి కొన్నేళ్ళు, అయినా ఆయన స్నేహితులంతా డ్యూటీకి వచ్చినట్టే రోజూ వచ్చి కూర్చునేవారు. సంచీలో కంప్యూటరు పెట్టుకుని నేను రైలెక్కాను. ఇక్కడ నా తెలివి చూడండి. చిన్నప్పుడు గని సైరన్ విని నిద్ర లేచి, గని సైరన్ విని బడికి పరిగెత్తిన దాన్ని. అలాంటి నేను, సైరన్ అంటే భయం అని పుస్తకంలో రాసి ఉంటే బుద్ధిగా తలూపాను.

శాంతం గ్రూపుతోనే తంటా మొదలైంది. వీణ మొదలైన కాసేపటికే అందరూ నిద్రపోయారు. సరే, భయం గ్రూపుతో పరువు దక్కించుకుందామని మర్నాడు మధ్యాహ్నం పెదనాయన్ని కూర్చోబెట్టాను. చెవులకు పెట్టుకునేది ఇస్తే, "ఇది ఎద్దుకు కట్టేది మాదిరి ఉండాదే పాపా" అని తీసి పక్కన పెట్టాడు. అందుకని పక్కింట్లోంచి వినాయక చవితి స్పీకరు తెచ్చి తగిలించాను. మీట నొక్కాను. సైరన్ కూసింది. ఎంతలా కూసిందంటే గోడ మీద బల్లి కింద పడింది.

పెదనాయన బెదరలేదు. లేచి నిలబడి, గోడ గడియారం వంక చూసి, ముళ్ళు సరిచేశాడు. లోపల పెద్దమ్మ స్టవ్ వెలిగించిన చప్పుడైంది. అంతలో వీధిలో తలుపులు తెరుచుకోవడం మొదలైంది. లుంగీలు, బనియన్లు, ఒకాయన ఖాకీ చొక్కా, ఆయన చేతిలో ఏనాటిదో హెల్మెట్. గేటు దగ్గర గుంపు చేరింది. యాడ కూసింది, ఎవురు కూయించినారు, బజార్లో ఏమంటా ఉండారు, అంతా ఒకటే గోల. ఖాకీ చొక్కా తాత ముందుకొచ్చి నన్నే అడిగాడు.

"మైన్ మళ్ళా తెరిచినారా అమ్మా?"

ఆ మొహం చూసి గబగబా సైరన్ ఆపేశాను. నా డాక్టరేటు, నా సిద్ధాంతం, అన్నీ ఎక్కడికి పోయాయో. లేదు తాతా, ఇది నా కంప్యూటర్లో శబ్దం, ఊరికే పరీక్ష కోసం పెట్టాను అన్నాను. అక్కడున్న ఏ ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తాత హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. తర్వాత వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు.

"సరేలే. వచ్చినాం గదా, ఇంగోసారి కూయించు."

కూయించాను. అందరూ కూర్చుని వంతులవారీగా బొమ్మలు చూశారు. గొడుగుకు ఏనుగు, మామిడికి కత్తెర, ఒక్కటీ తప్పలేదు. సాయం మీట వైపు ఒక్కరూ చెయ్యి చాపలేదు. తెలుసుకోవాలని లేదా, నొక్కండి తాతా అని నేనే బతిమాలాను. సైరన్ కూసినాక ఇంగ తెలుసుకునేదేముంది అని ఆయన నా అమాయకత్వానికి నవ్వాడు. శాంతం గ్రూపు నిద్రపోయింది, భయం గ్రూపు టీలు తాగుతోంది, నా ఫెలోషిప్ మాత్రం గంగలో కలిసింది.

ఆ సాయంత్రం వంటింట్లో పెద్దమ్మ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె గ్లాసులు కడుగుతూ, ఆ కూతకు నువ్వెందుకు భయమని పేరు పెట్టినావు అని అడిగింది. పుస్తకంలో అలా ఉందన్నాను.

"మీ పెదనాయన గని లోపల ఉన్నంతసేపూ నాకు భయమే పాపా. సైరన్ కూస్తే షిఫ్టు అయిపోయి పైకి వచ్చేసినాడని అర్థం. ఇంగ టీ పెట్టుకోవచ్చు."

శుక్రవారం మేడమ్ ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ముందు బాగా చీవాట్లు పెట్టారు. తర్వాత నా కాగితాలు ముందుకు లాక్కుని తిరగేశారు. చివరికి, అయితే ఆ గ్రూపుకు ఇప్పుడేమని పేరు పెడతావు అన్నారు. టీ పెట్టుకోవచ్చన్న పెద్దమ్మ మాటే చెప్పాను. ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించారు. ఆ ఏడాదంతా నేను చేసిందల్లా, ఏ శబ్దం ఎవరికి ఏమవుతుందో ముందు వాళ్ళనే అడగడం.

ఇప్పుడు నా తల నెరిసింది. మా అమ్మాయి రోజూ ఆఫీసునుంచి వచ్చేటప్పుడు బస్సు దిగి ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క ఫోనుకు మాత్రం నేను ఆ సైరన్ పెట్టుకున్నాను. అది మోగితే ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి, మంటలేమైనా అంటుకున్నాయా అని కంగారుగా అటూ ఇటూ చూస్తారు. నేను లేచి వెళ్ళి టీకి నీళ్ళు పెడతాను.