పాలు పొంగిద్దామని వెళ్తే చెరువు లేదు

జూన్ చివరి శనివారం పొద్దున తొమ్మిదిన్నర రైలుకు మేముండే గాల్వేలో ఎక్కాం. నేను, నా భార్య వాణి, మా ఇద్దరి మధ్య సీట్లో ఒక సంచి. సంచిలో కొత్త ఇత్తడి గిన్నె, రెండు లీటర్ల పాలు, పసుపు, కుంకుమ, బియ్యం, బెల్లం, చిన్న గణపతి పటం. కారు గ్యారేజీలో ఉంది కాబట్టి రైలు. లేకపోతే ముప్పావు గంట ప్రయాణానికి ఇంత హడావుడి ఉండేది కాదు.

మేం ఉంటున్న అద్దె ఇల్లు ఓనరు అమ్ముకుంటున్నాడు. ఆగస్టు ఆఖరుకు ఖాళీ చెయ్యాలి. తొమ్మిదేళ్లలో ఇది నాలుగో ఇల్లు. గాల్వేలో కొనడం మావల్ల కాదని తేలిపోయాక, ఫిబ్రవరిలో గోర్ట్ అవతల ఒక పల్లెలో ఇల్లు చూశాం. ఊరి పేరు రాయొద్దని వాణి ఆంక్ష. రాస్తే చదివినవాళ్లంతా వచ్చి ధరలు పెంచేస్తారట. మిట్ట మీద ఇల్లు, నీలం తలుపు, ముందు గోడ దగ్గర్నుంచి కనుచూపుమేర నీళ్లు, ఆ నీళ్లలో రెండు హంసలు. వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు నేను. ఆపరేషన్లలో వాడే సన్నటి గొట్టాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. ఇవాళ కొలిచింది రేపూ అంతే ఉండాలని పట్టుబట్టడమే నా ఉద్యోగం. ఆ నీళ్లు చూస్తే, ఇవైనా మమ్మల్ని ఖాళీ చెయ్యమనవు కదా అనిపించింది.

సంతకాలు ఇంకా కాలేదు. సొలిసిటర్, అంటే లాయరు దగ్గర సోమవారం పెట్టాలి. అప్పటిదాకా అటువాళ్లయినా ఇటు మేమైనా వద్దనుకోవచ్చు, ఇక్కడి పద్ధతి అది. కానీ కరీంనగర్‌లో మా అత్తమ్మ పంతులును అడిగితే, రాబోయేది ఆషాఢం, ఆ వెంటే మూఢం, మళ్లీ ముహూర్తం దసరా దాటాకే అన్నాడు. ఉన్న ఆఖరి ముహూర్తం ఈ శనివారం పదకొండున్నర నుంచి పన్నెండుంపావు దాకా. మాది కాని ఇంట్లో పాలు పొంగించుకోవచ్చా అని ఏజెంటుకు వాణి ఫోన్ చేసింది. అతను "గ్రాండ్" అన్నాడు, అంటే దానికేం, కానివ్వండి అని. ఈ దేశంలో ఆ మాటతో జరగని పని లేదు.

ఎదురు సీట్లో లిమరిక్‌కు మ్యాచ్ చూడ్డానికి వెళ్తున్న పెద్దాయన గిన్నెను తెగ చూస్తున్నాడు. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికని చెప్పాను.

"పొంగి పొయ్యి మీద పడిపోయేలాగానా?"

"అవునండీ."

"కావాలనే?"

"కావాలనే."

ఆయన తర్వాతి రెండు స్టేషన్ల దాకా దాని గురించే ఆలోచించినట్టున్నాడు. మేం దిగేటప్పుడు మాత్రం చెయ్యి ఊపి ఆల్ ద బెస్ట్ చెప్పాడు.

గోర్ట్‌లో దిగేసరికి పదిన్నర కావస్తోంది. ఈ ఊళ్లో బ్రెజిల్ వాళ్లు చాలామంది ఉంటారు. చౌరస్తా పక్కన వాళ్ల బేకరీలో వేడివేడి చీజు ఉండలు దొరుకుతాయి. చిల్లరతో అయిపోయే టిఫిను, మాంసం ఉండదు, మీరు వెళ్తే తప్పకుండా తినండి. అక్కడి నుంచి పల్లెకు చిన్న బస్సు. ఎక్కింది మేమిద్దరమే. ఆదివారం ఈ బస్సు నడవదని డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. వంతెన దగ్గర దిగి, రాతి గోడల మధ్య సందులో నడిచి మలుపు తిరిగాం.

చెరువు లేదు.

ఇల్లుంది. గోడ ఉంది. గోడ అవతల పెద్ద పచ్చటి పల్లం, దాని నిండా ఎండ. ఫిబ్రవరిలో హంసలు తిరిగిన చోట సరిగ్గా నాలుగు ఆవులు మేస్తున్నాయి.

"తప్పు ఊర్ల దిగినమా?" అన్నాను.

"ఊరు తప్పలే. ఇల్లు గదే, తలుపు గదే," అంది వాణి, తనకీ నమ్మకం లేనట్టు.

ఇంటావిడ బ్రిడీ గారు గేటు దగ్గరికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, చేతుల మీద పిండి అలాగే ఉంది. నీళ్లేవని అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"జూన్‌లో నీళ్లెక్కడుంటాయి నాయనా? మేలోనే వెళ్లిపోయాయి. అక్టోబరు ఆఖరున హాలోవీన్‌కల్లా వచ్చేస్తాయిలే."

"ఎక్కడికి వెళ్లాయి?"

కాలి బూటుతో నేలను తట్టి చూపించింది.

ఇక్కడి నేల అడుగంతా సున్నపురాయి. రాతిలో బొరియలుంటాయి. చలికాలం వానలకు నీళ్లు వాటిలోంచి పైకి ఊరి చెరువవుతాయి, వేసవిలో వాటిలోంచే దిగిపోతాయి. వాగూ లేదు, కాలువా లేదు. ఇలాంటి చెరువును టర్లాక్ అంటారట. ఎవరూ మా దగ్గర దాచలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నారు, అంతే. వాణిని గోడ పక్కకు తీసుకెళ్లాను.

"ఇయ్యాల పాలు వద్దు. పొంగిచ్చినమంటే ఇల్లు మనదైనట్టే. సోమవారం వద్దని చెప్పేస్త."

"నీకు ఇల్లు గావాల్నా, చెరువు గావాల్నా?"

"రెండూ గావాలె."

వాణి సంచి కింద పెట్టింది. "సామాన్లు కట్టీ కట్టీ నా చేతులు పడిపోయినయ్. ఇంకొక్కసారి కడ్త. యాడికి కట్టాల్నో నువ్వే చెప్పు," అంది.

మా మాటలు అర్థం కాకపోయినా మా ముఖాలు బ్రిడీ గారికి అర్థమైనట్టున్నాయి. "రండి, అడుగు చూద్దురుగాని," అని గోడలో చిన్న చెక్క తలుపు తీసింది.

చెరువులోకి నడిచాం. పాదాలకు మెత్తగా తగిలే పొట్టి గడ్డి, దాంట్లో గోరంత ఊదారంగు పూలు. ఒక్క చెట్టు లేదు. రాతి గోడలు మాతోపాటే పల్లంలోకి దిగుతూ వచ్చాయి. కొంతదూరం వెళ్లేసరికి వాటి రాళ్లన్నిటికీ నల్లటి నాచు ఎండి అంటుకుని ఉంది. బ్రిడీ గారు నా తల మీదుగా చెయ్యెత్తి, జనవరిలో నీళ్లు ఇంత ఎత్తుంటాయని చూపించింది. నేను తలెత్తి చూశాను. ఎక్కడో ఒక పిట్ట ఆగకుండా కూస్తోంది. ఆవుల మెడలు, మబ్బుల నీడలు, వాణి పసుపు చున్నీ, అన్నీ నెమ్మదిగా కదులుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టి నడుస్తున్నానని కాసేపటికి తెలిసింది.

పల్లం మధ్యలో రాళ్ల గుంపు ఉంది, వాటి మధ్య చీకటి బొరియ. అందులోంచి చల్లటి గాలి ముఖానికి కొట్టింది. వాణి మోకాళ్ల మీద కూర్చుని చెవి పెట్టింది.

"లోపట ఉన్నయ్. ఇనవడ్తున్నయ్," అంది గుసగుసగా.

నేనూ విన్నాను. నీళ్ల చప్పుడో, నా చెవిలో నెత్తురు చప్పుడో చెప్పలేను. అయినా అక్కడి నుంచి లేవబుద్ధి కాలేదు.

తిరిగి వస్తుంటే బ్రిడీ గారు అడిగింది. "చలికాలం వానలు ముదిరితే రోడ్డు మునుగుతుంది. పక్కవాళ్ల పొలంలోంచి చుట్టూ తిరిగి వెళ్లాలి. అప్పుడు కూడా ఇక్కడే ఉంటారా, సెలవులకు వచ్చి పోతారా? ఈ వరుసలో మూడిళ్లు చలికాలమంతా చీకట్లోనే ఉంటాయి."

"మాకు ఇంకో ఇల్లు లేదండీ," అంది వాణి.

బ్రిడీ గారు తలూపింది. ఆమె కూడా మమ్మల్ని పరీక్షగా చూస్తోందని అప్పుడు తెలిసింది.

వంటింట్లో ఇనుప పొయ్యి మా కోసమే పొద్దుటి నుంచి మండిస్తోందట. గ్యాసూ లేదు, తిప్పే మీటా లేదు. పైన పెద్ద ఇనుప పలక, ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన. వాణి గిన్నెకు పసుపు కుంకుమ పెట్టి, పటం దగ్గర దీపం వెలిగించి, పాలు పోసి వేడి పక్కన పెట్టింది. నేను ఆడిట్‌కు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాను. వద్దని గట్టిగా అనలేక, సరే అనడానికి మనసు రాక. పాలు ఎంతకీ కాగవు. పన్నెండు కొట్టింది. ఆ తర్వాత అంచుల చుట్టూ నురగ కట్టి, గిన్నె మధ్యలో తెల్లగా ఉబ్బుతూ పాలు పైకి లేచాయి.

బ్రిడీ గారు చటుక్కున తువ్వాలుతో గిన్నెను చల్లటి పక్కకు లాగేసింది.

పాలు కిందికి దిగిపోయాయి. "అమ్మయ్య," అంది ఆవిడ, పెద్ద గండం తప్పించినట్టు. "పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈ పొయ్యి మీద ఒక్క చుక్క పొంగనివ్వలేదు."

వాణి నా వైపు చూసింది. నేను కోరుకున్నది అదే కదా. ముహూర్తం దాటిపోతుంది, తప్పు ఎవరిదీ కాదు, సోమవారం మర్యాదగా తప్పుకోవచ్చు. కానీ ఆ దిగిపోయిన పాలను చూస్తే, ఈ ఇల్లు మాకు దక్కకుండా పోతుందేమోనని మొట్టమొదటిసారి భయమేసింది. చెరువు కాదు, హంసలు కాదు, ఈ ఇల్లే. ఆవిడ చేతిలోంచి తువ్వాలు తీసుకుని గిన్నెను వేడి పక్కకు నేనే జరిపాను.

"పొంగాలండీ. పొంగి పొయ్యి మీద పడాలి. అప్పుడే మేం ఈ ఇంటివాళ్లం," అన్నాను.

పాలు మళ్లీ లేచాయి. బ్రిడీ గారి చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్లింది. రెండో చేత్తో దాన్ని పట్టి ఆపుకుంది. పాలు అంచు దాటి, కుంకుమ మీదుగా జారి, ఇనుప పలక మీద చుయ్యిమని పడ్డాయి. ఇల్లంతా మాడిన పాల వాసన. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అనుకోవడానికి పొగ అంత లేదు.

"కానివ్వండి," అంది. "ఇక మీ పొయ్యి కదా."

ఆ పాలతో వాణి పరమాన్నం వండింది. బ్రిడీ గారు రెండుసార్లు వేయించుకుంది. మాకు వంటసోడా వేసి కాల్చిన రొట్టె, వెన్న, ఉడికించిన గుడ్లు పెట్టింది. దూరాన బాలింకాలిగ్ పట్నంలో కొడుకు దగ్గరికి వెళ్తోందట. అక్కడ తన గది కిటికీలోంచి కార్ పార్కు కనిపిస్తుందట, ఏడాది పొడుగునా.

నాలుగింటి బస్సు, ఆ తర్వాత రైలు. దారి పొడవునా పచ్చటి పల్లం కనిపిస్తే చాలు, దీని చెరువు ఎక్కడికి వెళ్లిందో అని చూస్తూ కూర్చున్నాను. ఆ వైపు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, చలికాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి వెళ్లండి. ఒక్కసారే వెళ్తే సగం ఊరు చూసినట్టు. వాణి నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. పక్క సీట్లో కుక్కపిల్లతో ఉన్నావిడ మా సంచిని, నా బూట్ల మట్టిని చూసి నవ్వింది.

"సరదాగా ఊరు చూడ్డానికి వెళ్లారా?"

"కాదండీ. మా ఇంటికి వెళ్లి వస్తున్నాం," అన్నాను.

వాణి ఒక కన్ను తెరిచి చూసింది. సంతకాలు సోమవారం కదా అని మాత్రం అనలేదు.